మూడో తొట్టి వాసన

నిన్న పొద్దున ఇడ్లీపిండి గిన్నె మూత తీశాను. ఓవెన్‌లో లైటు వేసి ఉంచిన పిండి అంచుదాకా పొంగింది. పుల్లటి, వెచ్చటి వాసన మొహానికి కొట్టింది. ఇంకెవరైనా అయితే గరిటె అందుకుంటారు. నేను వంగి ఒకసారి, తల పక్కకు తిప్పుకుని మళ్లీ ఒకసారి వాసన చూశాను. ఇంత తొందరగా ఎందుకు పొంగింది? ఎవరైనా ఏమైనా కలిపారా? పక్కన సీరియల్ తింటున్న మా అమ్మాయి, "అమ్మా, అది జస్ట్ పిండి. క్రైమ్ సీన్ కాదు," అంది. దానికి ఒదిల్ గారు తెలియదు. తెలిసుంటే ఆ మాట అనేది కాదు.

ఒదిల్ గారు ఫ్రాన్స్ నుంచి వచ్చిన మనిషి. మేముండే పిస్కాటవే ఊరి నుంచి పడమరగా గంటలోపు డ్రైవ్ చేస్తే వచ్చే ఒక కొండవాలులో ఆవిడా, భర్తా కలిసి ద్రాక్షతోట వేశారు. నేను వెళ్లేనాటికి ఆయన పోయి చాలాకాలమైంది. నలభై దాటిన కొడుకు ల్యూక్‌తో కలిసి ఆవిడే తోట నడుపుతోంది. మిగతా విషయాల్లో ఎలా ఉన్నా, ఎర్ర వైన్ మాత్రం ఆవిడ నాన్న ఫ్రాన్స్‌లో తన ఊళ్లో ఎలా చేసేవాడో అలాగే చేయాలి. పండు చేత్తో కోయాలి. తొక్కలూ గింజలతో సహా చెక్కతొట్టిలో పోయాలి. పండు తొక్కమీద తనంత తానుగా చేరిన ఈస్టే దాన్ని పులియబెట్టాలి కానీ బయటినుంచి ఏదీ వేయకూడదు. పులిసేటప్పుడు తొక్కలన్నీ పైకి తేలి మందంగా కట్టుకుంటాయి. రంగూ రుచీ వాటిలోనే ఉంటాయి కాబట్టి రోజుకు రెండుసార్లు పొడుగాటి కర్రతో వాటిని మళ్లీ రసంలోకి అణచాలి. పంపులూ మీటలూ లేవు. చేతులు, కర్ర, నడుంనొప్పి, అంతే.

ఆవిడ అనుమానాలకు అంతు ఉండేది కాదు. వాన రాదని ఫోన్‌లో చూపిస్తే ఆకాశం వైపు చూసి పెదవి విరిచేది. థర్మామీటరు ఒక అంకె చూపిస్తే రెండోది పెట్టించేది. రెండూ ఒకే అంకె చూపిస్తే, "ఇవి రెండూ కూడబలుక్కున్నాయేమో, మూడోది తే," అనేది. పీపాలు అమ్మేవాడు నవ్వుతూ వస్తే, ఎందుకు నవ్వుతున్నాడో తేలేదాకా బేరం మొదలుపెట్టేది కాదు.

నేను గుంటూరులో మైక్రోబయాలజీ ఎమ్మెస్సీ చేసి, పెళ్లయి ఇక్కడికి వచ్చి, వర్క్ పర్మిట్ కోసం ఏళ్ల తరబడి ఇంట్లో కూర్చున్నదాన్ని. పర్మిట్ చేతికొచ్చాక దొరికిన మొదటి పని ఆ తోట ల్యాబ్‌లో. మా అత్తగారికి ద్రాక్షరసం కంపెనీ అని చెప్పాం. అది పూర్తి అబద్ధమేమీ కాదని మా ఆయన ప్రసాద్ వాదన.

ఇంటర్వ్యూకి వెళితే ఒదిల్ గారు మూడు గ్లాసులు ముందు పెట్టి, రుచి చూసి ఉమ్మేసి తేడా చెప్పమంది. అంతకుముందు నేను వైన్ ముట్టుకున్నదాన్ని కాదు. మూడూ ఒక్కలాగే పుల్లగా, వగరుగా ఉన్నాయి. ఉద్యోగం పోయిందనుకుని, "మదాం, నాకేం తేడా తెలియట్లేదు," అన్నాను. ఆవిడ గ్లాసులు పక్కకు జరిపింది. "మూడూ ఒకే సీసాలోవి. నీకంటే ముందు నలుగురు వచ్చారు. అందరూ మూడు రకాలుగా వర్ణించారు. సోమవారం రా," అంది.

మా ఇద్దరిదీ అతుకుల ఇంగ్లిషే. ఆవిడ దాంట్లో ఫ్రెంచి, నా దాంట్లో గుంటూరు. అందుకే ఇద్దరం నిదానంగా మాట్లాడుకునేవాళ్లం. కానీ మొదట్లో ఆవిడంటే నాకూ అనుమానమే. తొట్లు నింపిన మొదటిరోజున ఆవిడ గుమ్మంలో నన్ను ఆపి, సంచీ తెరిపించి, పెరుగన్నం డబ్బా మూత తీసి వాసన చూసింది. "ఇది లోపలికి రాకూడదు," అంది. నా చెవులు వేడెక్కాయి. సాయంత్రం ప్రసాద్‌తో, "మన తిండి వాసనంటే ఆవిడకి గిట్టదు. పైకి మాత్రం మదాం, మదాం అనిపించుకుంటుంది," అన్నాను. "లైట్ తీసుకో. అన్నం కార్‌లో పెట్టుకుని తిను," అన్నాడు. మూడు వారాలు కార్‌లోనే తిన్నాను, ప్రతి ముద్దకీ ఆవిడని తిట్టుకుంటూ. ఒకరోజు ల్యూక్ ఇంట్లో రొట్టెపిండి పిసికి, చొక్కా చేతికి అంటిన పిండితోనే తొట్ల దగ్గరికి వచ్చాడు. ఒదిల్ గారు అంత మనిషిని అక్కడికక్కడే చొక్కా విప్పించి, ఆ చలిలో బనియన్‌తో ఇంటికి పంపించింది. పులిసేది ఏదైనా సరే, ఎవరిదైనా సరే, ఆ షెడ్డులోకి రాకూడదు. మైక్రోబయాలజీ చదివి కూడా నాకు ఆ సంగతి తట్టకపోవడం సిగ్గుగా అనిపించింది. అంత కోపం ఏ మూలకు పోయిందో తెలియదు.

నిజానికి షెడ్డులో ఒక్క మినహాయింపు ఉండేది. అటు చివర మూడో తొట్టిలో ల్యూక్ తోట చూడవచ్చే జనం కోసం తేలిక వైన్ చేసేవాడు. అందులో కొన్న ఈస్టు ప్యాకెట్టు వేసేవాడు. తల్లీకొడుకులు ఏళ్లు పోట్లాడుకుని దానికొక కట్టుబాటు పెట్టుకున్నారు. ఆ తొట్టి కర్ర వేరు, జగ్గు వేరు, బట్టలు వేరు. దానిలోది చుక్క కూడా ఇటు రాకూడదు. "దాని వాసన చాక్లెట్ కాగితంలా ఉంటుంది," అనేది ఆవిడ.

నా రెండో ఏడు కోతల సమయంలో వానలు వదలలేదు. తడిసిన పండులో చెడ్డవి ఏరి పారేసి, మిగిలిన కాస్తా ఒకటో తొట్టిలోనే పోశాం, రెండోది ఖాళీగా ఉండిపోయింది. అది ఆవిడ భర్త నాటిన తీగల పంట. మూడో రోజుకు పొంగాల్సింది, పొంగలేదు. నాలుగో రోజూ లేదు. ఒదిల్ గారు పొద్దున్నే వచ్చి తొట్టి చెక్కకు చెవి ఆనించి నిలబడేది. ఐదో రోజు రసంమీద సన్నటి తెల్లపొర కనబడింది. ఇంకొక్క రోజు ఇలాగే ఉంటే అది వినెగర్ దారి పడుతుందని నాకు తెలుసు. ఆ ఏడు ఆ తోటకి ఎర్ర వైన్ అనేదే ఉండదు.

"మామాఁ, ఒక్క ప్యాకెట్. ప్లీజ్," అన్నాడు ల్యూక్. అమ్మని అతను ఫ్రెంచిలో అలాగే పిలిచేవాడు.

"మా నాన్న వేయలేదు. నేను వేయను. అది పులిస్తే పులుస్తుంది, లేకపోతే కాలవలో పోస్తాను."

ఆవిడ తొట్టి చెక్కమీద చెయ్యి వేసి నిలబడింది. అది చూసి ఉండలేకపోయాను. మధ్యాహ్నం ఆవిడ భోజనానికి ఇంటికి వెళ్లింది, ల్యూక్ టౌన్‌కి వెళ్లాడు. చల్లటి వంటింట్లో పాలు ఎంతకీ తోడుకోకపోతే మనం ఏం చేస్తాం? పక్కింటికి వెళ్లి గరిటెడు మంచి పెరుగు తెచ్చి తోడు వేస్తాం. అంతకుమించి నేను ఆలోచించలేదు. బాగా పొంగుతున్న మూడో తొట్టిలోంచి ఒక జగ్గు ముంచి ఒకటో తొట్టిలో పోశాను. జగ్గు కడిగి బోర్లించాను. తెలిసే చేశాను. మేలు చేస్తున్నానన్న గర్వం కూడా ఉంది.

మర్నాడు పొద్దునకి తొట్టి పైకి తొక్కలు తేలాయి. చెవి పెడితే లోపల బుసబుస. ల్యూక్ చప్పట్లు కొట్టాడు. ఒదిల్ గారు నవ్వలేదు. గ్లాసుతో కొంచెం తీసి వాసన చూసింది. తలుపు దాకా వెళ్లి గాలి పీల్చుకుని వచ్చి మళ్లీ చూసింది. తర్వాత కొడుకు వైపు తిరిగింది.

"మూడో తొట్టి వాసన. ఎప్పుడు వేశావు?"

"నేను వేయలేదు."

"ప్యాకెట్ అడిగింది నువ్వు. ఇప్పుడు వాసన వస్తోంది. నేనేమన్నా పిచ్చిదాన్నా?"

నేను సింక్ దగ్గర గ్లాసులు కడుగుతున్నాను. ఆ క్షణంలో నోరు తెరవాల్సింది. కడిగిన గ్లాసునే మళ్లీ కడిగాను. ల్యూక్ మొహం తెల్లబోయింది. షెడ్డు తాళంచెవి జేబులోంచి తీసి బల్లమీద పెట్టి, "ఈ పంట అయ్యాక నేను వెళ్లిపోతాను. ఇన్నేళ్లూ నీ మాట దాటలేదు. అయినా నన్ను నమ్మవు," అని వెళ్లిపోయాడు.

ప్రసాద్‌తో చెబితే తల పట్టుకున్నాడు. "ఇప్పుడు చెప్పావంటే జాబ్ పోద్ది. తల్లీకొడుకులు, వాళ్లే సర్దుకుంటార్లే. నువ్వు మధ్యలో దూరకు," అన్నాడు. నాకు కావలసిన మాట అదే కాబట్టి రెండు రోజులు దాన్నే పట్టుకుని వేలాడాను. ఆ రెండు రోజులూ ల్యూక్ రాలేదు. డెబ్భై దాటిన మనిషి ఒక్కతే నిచ్చెన పలకమీద నిలబడి ఆ మందపాటి తొక్కల్ని కర్రతో అణిచింది. నేను సాయం చేయబోతే, "నువ్వు రీడింగులు చూసుకో," అంది.

మూడోరోజు ఆవిడ కర్ర జారి పలకమీద కూలబడింది. లేపి కూర్చోబెట్టి, "మదాం, అది ల్యూక్ కాదు. నేను," అన్నాను.

ఆవిడ కళ్లు చిన్నవయ్యాయి. "వాడు చెప్పమన్నాడా?"

అదీ ఒదిల్ గారంటే. ఒప్పుకోలును కూడా అనుమానించింది. మంచిదాన్ని కదా, కొడుకుని కాయడానికి నింద నామీద వేసుకుంటున్నానని ఆవిడ లెక్క. నేనే దొంగనని నేను రుజువు చేసుకోవలసి వచ్చింది. ఏ రోజు, ఏ వేళ, ఏ జగ్గు, ఎంత అన్నీ చెప్పాను. పాలు తోడు పెట్టడం గురించి వచ్చీరాని ఇంగ్లిష్‌లో చెప్పాను. చెబుతున్నకొద్దీ ఆవిడ మొహంలో ఏదో వాలిపోతూ వచ్చింది.

"వానని అనుమానించాను," అంది చివరికి. "పండుని, తొట్టిని, నా ముక్కుని అనుమానించాను. కన్నకొడుకుని అనుమానించాను. నువ్వు పక్కనే ఉన్నావు. నిన్ను మాత్రం ఒక్కసారి కూడా అనుకోలేదు."

తిట్టినా బాగుండేది. లేచి, కోటు కూడా వేసుకోకుండా వానలో ల్యూక్ ఇంటివైపు నడిచింది. వాళ్లేం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. షెడ్డు గుమ్మంలోంచి చూస్తే దూరంగా ఆవిడ చెయ్యి చాపి తాళంచెవి ఇవ్వడం, అతను చాలాసేపు తీసుకోకపోవడం, చివరికి తీసుకోవడం కనబడ్డాయి. తిరిగొచ్చాక, "నన్ను వెళ్లిపొమ్మంటారా?" అని అడిగాను. "వెళితే తొక్కలు ఎవరు అణుస్తారు? కర్ర తీసుకో," అంది. ఆ వైన్ సీసాలమీద తన తండ్రి పేరు వేయనివ్వలేదు. వైన్ మాత్రం బాగానే వచ్చింది. జనం మెచ్చుకుంటుంటే నేను గ్లాసులు కడిగే నెపంతో లోపలికి వెళ్లిపోయేదాన్ని.

ఆ తర్వాత ఏళ్ల తరబడి అక్కడే పనిచేశాను. ఆవిడ నాతో ఎప్పుడూ కటువుగా లేదు. పండు పక్వం చూడటం, పీపా చెక్క ఎంచడం, ఓపిక పట్టడం, నాకు తెలిసినదంతా ఆవిడే నేర్పింది. ఒక్కటే మారింది. నేను రీడింగు రాసి పక్కకు తప్పుకోగానే ఆవిడ వచ్చి మళ్లీ చూసేది. దాచి కాదు, నా ఎదురుగానే. అంతకుముందు నా రీడింగుల్ని ఆవిడ ఎన్నడూ తిరిగి చూడలేదని నాకు అప్పుడే అర్థమైంది. థర్మామీటర్లు, పీపాలవాడు, ఆకాశం ఉన్న వరసలో నేనూ చేరాను. ఇప్పుడు నేనూ అలాగే తయారయ్యాను. ఏదైనా ఉన్నట్టుండి బాగుపడితే ముందు నా చేతుల్ని అనుమానిస్తాను.

ఆవిడ చివరి పంటనాటికి మంచంమీద ఉంది. తొట్టిలోంచి రసం పిండే రోజు ఎప్పుడో తేల్చాలి. ఎప్పుడూ ఆవిడ తప్ప ఇంకొకరు తేల్చని విషయం అది. నేను రుచి చూసి వచ్చి, "ఇంకా రెండు రోజులు ఆగుదాం," అన్నాను. ఆవిడ కళ్లు మూసుకుని విని, ల్యూక్ వైపు తిరిగి, "ఈమె చెప్పినట్టు చెయ్యి," అంది. కళ్లు తెరిచి, "కానీ నువ్వూ ఒకసారి రుచి చూడు," అంది.

ల్యూక్ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆవిడ నోటివెంట ఏ మనిషికైనా రాగలిగిన పెద్ద మెప్పు అదేనని నాకు తెలుసు. ఒకప్పుడు అంతకంటే పెద్దది, మళ్లీ సరిచూడని నమ్మకం, నా దగ్గర ఉండేదనీ తెలుసు. ఉన్నన్నాళ్లూ అది ఉన్నట్టే తెలియలేదు.