ఇసుక కుప్ప మీద మంచు పందెం

నేను ఇంతవరకు మంచు చూడలేదు. చూడాలని కూడా లేదు. కానీ మంచు కొండ మీంచి జారుతూ ఆడవాళ్లు పందేలకు ఎలా దిగుతారో అడగండి, చెబుతాను. ఎర్ర కర్రల జత తర్వాత నీలం కర్రల జత ఎందుకు పాతుతారో, మలుపులో బరువు ఏ కాలి మీద వేయాలో, ఒక్క జత మధ్యలోంచి పోకపోయినా ఆ మనిషి పందెం అక్కడితో ఎలా ముగిసిపోతుందో, అన్నీ తెలుసు నాకు. మా మనవరాలు టీవీలో ఆ పందేలు పెడుతుంది. ఒకసారి నోరు ఊరుకోక, "గా పిల్ల పడ్తది సూడు, ఎన్కకు ఒరిగింది" అన్నాను. రెండు మలుపులు తిరక్కుండానే ఆ పిల్ల పడింది. "నీకెట్ల ఎరుకే అమ్మమ్మా?" అని మనవరాలు నోరెళ్లబెట్టింది. "నీకెందుకే, మూస్కొని సూడు" అని కసిరి లోపలికి పోయాను. పాపం, దానిదేం తప్పు.

అరవైల మొదట్లో మాట. గోదావరి ఒడ్డున కొత్తగా బొగ్గుబాయిలు తెరుస్తున్న రోజులు. మాది ధర్మపురి అవతల పల్లె. బాపుకు, అంటే మా నాన్నకు, బాయి మీద పని దొరికితే క్వార్టర్‌కు వచ్చాం. బాపుది బొగ్గు తీసే పని కాదు, ఇసుక పని. బొగ్గు తీసేసిన చోట కింద ఖాళీగా వదిలేస్తే పైకప్పు కూలుతుంది కాబట్టి ఏటి ఇసుకను నీళ్లతో కలిపి గొట్టాల్లో కిందికి పంపి ఆ ఖాళీని నింపుతారు. అందుకోసం లారీల్లో తెచ్చి పోసిన ఇసుక బాయి పక్కన గుట్టలా పెరిగింది. ఆదివారం నాడు పని బంద్. ఆ రోజు ఆ కుప్ప మీద కాకులు తప్ప ఎవరూ ఉండరు.

యంత్రాలు బిగించడానికి ఏదో చలి దేశం నుంచి ఒక దొర వచ్చాడు. రెండేళ్లు ఉంటాడన్నారు. వెంట పెళ్లాం. మేం అవ్వ అని పిలిచే మా అమ్మ వాళ్ల బంగ్లాలో గిన్నెలు తోమేది. బడి మానేసిన నేను అవ్వ వెంట పోయేదాన్ని. అప్పటికి నాకు పదమూడు. ఆమె పేరు మా నోళ్లలో తిరగలేదు. దొరసానమ్మ అన్నాం, అదే ఖాయమైంది. ఆమె మా దగ్గర తెలుగు నేర్చుకుంది. దొడ్లో గిన్నెల దగ్గర నేర్చిన తెలుగు కదా, మాలాగే మాట్లాడేది. కంపెనీ డాక్టర్ పట్టణపు తెలుగులో పలకరిస్తే మొహం చిట్లించి, "గీయన ఏమంటుండు?" అని నన్ను అడిగేది.

మొదట్లో ఆమెకు మతి సరిగ్గా లేదనుకున్నాం. పొద్దున్నే వరండాలో ముక్కాలిపీట మీద కూర్చుని కళ్లు మూసుకునేది. అరచెయ్యి ముందుకు చాపి అటూ ఇటూ తిప్పుతూ, చేతితోపాటు నడుమూ మోకాళ్లూ కదుపుతూ, ఉండుండి బుస్సుమని ఊపిరి వదిలేది. అవ్వ తోముతున్న గిన్నె పక్కన పెట్టి నా చెవిలో, "ఓ యవ్వ, దేవర అచ్చినట్టుందే. నిమ్మకాయ తేవాల్నా?" అంది. తర్వాత తెలిసింది, అది పూనకం కాదు, పందెం. ఎప్పుడో పరుగెత్తిన దారిని మలుపు మలుపునా కళ్ల ముందు పెట్టుకుని మళ్లీ దిగుతోందామె. ఆ పందేల్లో దిగేవాళ్లంతా అలాగే చేస్తారట.

ఆమె తన దేశం తరఫున పందేలకు దిగిన మనిషి. పది దేశాల ఆడవాళ్లు వచ్చే పందేలు. ఛాతీ మీద నంబరు గుడ్డ కట్టుకున్న ఫొటో ఒకటి పెట్టెలో ఉండేది. ఒక పెద్ద పందెంలో నాలుగో స్థానం వచ్చింది. "మూడో దానికి, నాకు ఎంత తేడనో ఎర్కనా?" అని ఒకసారి అడిగి, రెండు వేళ్లు దగ్గరగా పెట్టి, ఇంకా దగ్గరికి తెచ్చి, చివరికి రెంటినీ అతికించేసింది. "గింతే" అంది. మరుసటి ఏడు పడి ఎడమ మోకాలు విరగ్గొట్టుకుంది. పెళ్లయింది, ఇక్కడికి వచ్చింది. వచ్చేటప్పుడు సామాన్లతోపాటు స్కీలు కూడా తెచ్చుకుంది, కాళ్లకు కట్టుకుని మంచు మీద జారే చెక్కలు, మనిషి కన్నా పొడుగు. నలభై అయిదు డిగ్రీల ఎండ కాసే ఊళ్లో అవి బంగ్లా గోడకు ఆనించి ఉంటే చూసి నవ్వనివాడు లేడు.

ఆ ఏడు వానలు వెనకపట్టాక ఆమెకు వాళ్ల దేశం నుంచి ఉత్తరం వచ్చింది. ఆమె వంటింట్లోకి పరుగున వచ్చి అవ్వ భుజాలు పట్టుకుని ఊపేసింది. "పిలిచిన్రు! నన్ను పిలిచిన్రు!" చలికాలం మొదట్లో జట్టును ఎంచుతారట. వచ్చి పరుగెత్తి చూపితే, మోకాలు నిలిస్తే, మళ్లీ తీసుకుంటారట. ఆమెకు అప్పటికే ఇరవై ఏడు. ఇదే ఆఖరుసారి అని ఉత్తరంలో రాశారని దొర చెప్పాడు. దీపావళి దాటిన బుధవారం హైదరాబాదు వెళ్లి విమానం ఎక్కాలి.

మధ్యలో ఆరు ఆదివారాలు. మంచు ఎక్కడిది? ఇసుక ఉంది కదా అంది. బాపు ముందు భయపడ్డాడు. "పెద్ద సాబులు సూస్తే నా పని పోతది దొరసానమ్మా." దొర పోయి మేనేజర్‌తో మాట్లాడి ఒప్పించాడు. కొవ్వొత్తులు కరిగించి స్కీల అడుగున పూసేవాళ్లం. కుప్ప మీద వెదురు కర్రలు జతలు జతలుగా పాతేవాళ్లం, ఒక జతకు ఎర్రగుడ్డ, ఒక జతకు నీలంగుడ్డ. దొర గడియారం పట్టుకుని కింద నిలబడేవాడు. నేను పైన, ఆమెకు వెనక. నేను రుమాలు పైకెత్తగానే దొర గడియారం నొక్కి ఈల వేయాలి, ఆమె దూకాలి. ఇసుక మంచులా జారదు, పళ్లు బిగించి చేతికర్రలతో నెట్టుకోవాలి. అయినా పై భాగం నిటారుగా ఉండేది. అక్కడ ఆమె దిగుతుంటే ఇసుక రెండు పక్కలా లేచేది, నా ఒళ్లు జలదరించేది. క్వార్టర్ల ఆడవాళ్లు దూరాన నిలబడి నోళ్లు నొక్కుకునేవాళ్లు.

మూడో ఆదివారం ఆమె నాకోసం పొట్టి చెక్కలు చేయించుకొచ్చింది. బాయి వడ్రంగి చేసిన టేకు చెక్కలు, పాత బెల్టు ముక్కలు పట్టీలు. అవ్వ గుండె బాదుకుంది. "ఆడివిల్ల గుట్ట మీదికెల్లి దుంకుడేందే, కాళ్లిర్గుతె ఎవలు సూస్తరే!" నేను వినలేదు. మొదటిసారి ముక్కు ఇసుకలో కూరుకుపోయింది. నాలుగోసారి రెండు కర్రల జతలు దాటాను. దాటి, కింద దాకా నిలబడే వచ్చాను. అంత సంతోషం నా జన్మలో మళ్లీ లేదు. నా పెళ్లినాడు లేదు, పిల్లలు పుట్టినప్పుడు లేదు. సిగ్గులేకుండా చెబుతున్నాను, ఉన్నమాట అది. దొరసానమ్మ నన్నెత్తి గిరగిరా తిప్పి, "నువ్వు కూడ పందెం మనిషివే" అంది. నన్ను అంతకు ముందు ఎవరూ ఏ మనిషీ అనలేదు. గిన్నెలు తోమేదాని బిడ్డ, అంతే.

అప్పటినుంచి నాకు బుధవారం అంటే భయం పట్టుకుంది. ఆమె పోతే నేను మళ్లీ గిన్నెల దగ్గరికే. "మల్ల అస్తరా?" అని అడిగితే, "అస్త బిడ్డా, ఎండకాలం" అనేది. నేను నమ్మలేదు. గెలిచిన మనిషి ఈ బొగ్గు ఊరికి ఎందుకు వస్తుంది?

ఆఖరి ఆదివారం. పొద్దున్నే నేను కుప్పంతా తిరిగి రాళ్లు ఏరాను, అది నా పని. మొదటి పరుగు బాగా వచ్చింది. కింద దొర గడియారం చూసి టోపీ ఎగరేశాడు. ఆమె ఎక్కి వచ్చింది, మొహం ఎర్రగా, నవ్వుతూ. "మోకాలు నిలిచింది. సూసినవా? ఇంకొక్కసారి. గిదే ఆఖరు" అంది. నాకు వీపు తిప్పి చేతికర్రలు ఇసుకలో పాతుకుని వంగింది.

అప్పుడు కనిపించింది. మొదటి పరుగుకు పైఇసుక జారి, నాలుగో జత దగ్గర ఇనుప తీగ ఒకటి బయటపడింది. లారీల వాళ్లు ఎప్పుడో వదిలేసిన తాడులా పేనిన పాత తీగ, వేలంత లావు, అడ్డంగా, ఒక చివర పైకి లేచి. కింద ఉన్న దొరకు మధ్యలో ఉబ్బిన ఇసుక మిట్ట అడ్డం, తీగ కనపడదు. ఆమె చూపు మొదటి జత మీద ఉంది. చూసింది నేనొక్కదాన్నే. "అమ్మా" అంటే చాలు, ఆగేది.

నేను రుమాలు ఎత్తాను.

ఎముక విరిగిన చప్పుడు పైకి వినిపించింది. ఆమె అరవలేదు. బాపు వాళ్లు తడక మీద మోసుకుపోయారు. నేను కర్రలు పీకి, గుడ్డలు విప్పి మడతపెట్టి, ఆ తీగను కూడా బయటికి లాగి పక్కన పడేశాను. ఎవరూ చెప్పలేదు, చేశాను. ఏడుపు రాలేదు. ఇంటికి పోయి అన్నం తిన్నాను. కారం ఎక్కువైందని కూడా అన్నానట, అవ్వ తర్వాత చెప్పింది.

బాయి దవాఖానాలో ఆమె పది రోజులుంది. అదే మోకాలు, ఈసారి కింది ఎముక కూడా. పాదం తెలియడం లేదంది. డాక్టర్ వేళ్లు ఒక్కొక్కటే గుచ్చి చూసేవాడు, ఆమె పైకప్పు చూస్తూ తల అడ్డంగా ఊపేది. బుధవారం వచ్చింది, పోయింది. ఆ పొద్దంతా ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. దొర ఒకసారి బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాడు. నేను ఆయనను కూడా చూస్తూ నిలబడ్డాను. నాకు ఏమీ అనిపించలేదు. చెయ్యి మీద పడుకుంటే చెయ్యి మొద్దుబారుతుంది చూడండి, అలా ఉండింది నాకు మనిషంతా. ఆ మొద్దు ఇప్పటికీ పూర్తిగా వదల్లేదు.

ఒకనాడు అవ్వా నేనూ పక్కన ఉన్నప్పుడు ఆమె అడిగింది. కోపంగా కాదు, మామూలుగానే. "నువ్వు పైన ఉన్నవ్ గద. తీగ కనవడలేదా?"

"కనవడ్డది" అన్నాను. అబద్ధం నోటికి రాలేదు.

"మరి పిలువకపోతివి?"

అవ్వ చటుక్కున లేచింది. నా ముందుకు వచ్చి నిలబడి చేతులు జోడించింది. "తప్పు పట్టకు దొరసానమ్మా. మా దిక్కు బయలెల్లినోళ్లను ఎన్కకెల్లి పిలువరు. పిలిస్తె పోయే పని చెడ్తది. మా ఇంటాయన సద్ది మరిచి డ్యూటీకి పోతె, నేను ఇంకో గల్లీకెల్లి ఉర్కి, ఎదురుంగ పోయి ఇస్త గని ఎన్కకెల్లి కేకెయ్య. బాయి మీద పని గద. పోరికి గదే అలవాటైంది. నీ మంచికే నోరు మూస్కుంది."

అవ్వ చెప్పిన ఆచారం నిజం. బాయి మీద ప్రతి ఇంట్లో ఉండేది, మా ఇంట్లో మరీ ఎక్కువ. బాపు సద్ది పట్టుకుని నేను కూడా గల్లీలు తిరిగి ఎదురుపోయాను. కానీ దొరసానమ్మ విషయంలో నేను దాన్ని ఏనాడూ పాటించలేదు. ఆరు ఆదివారాల్లో ఆమెను వెనక నుంచి ఎన్నిసార్లు పిలిచానో. చేతి తొడుగు మరిచిందని, పట్టీ ఊడిందని, కింద దొర ఇంకా సిద్ధంగా లేడని. ఆ పొద్దున మొదటి పరుగుకు ముందు కూడా "అమ్మా, జర ఆగు" అని కేకేసి, ఆమె చేతికర్రకు చుట్టుకున్న గుడ్డ తీశాను. పిలవాలంటే నాకు ఏ శకునమూ అడ్డం రాలేదు. తీగ చూసిన ఆ రెప్పపాటులో నా మనసులో ఉన్నది ఒక్కటే మాట, కాలు కొంచెం బెణికితే ఆమె బుధవారం పోదు. కొంచెమే అనుకున్నాను. విరగాలనుకోలేదు. అనుకోలేదని ఇప్పుడు చెప్పుకుంటే ఏం లాభం?

ఇది చెప్పడానికి నోరు తెరిచాను కూడా. అవ్వ చేతులు ఇంకా జోడించే ఉన్నాయి. మూసుకున్నాను.

దీపావళి పోయిన మూడో వారం ఆమెను వ్యానులో హైదరాబాదు తీసుకుపోయారు, అక్కడి నుంచి వాళ్ల దేశానికి. నేను ఉంచుకోవాలనుకున్న మనిషి అలా ఎలాగూ పోయింది, నడవలేక పోయింది. ఆ తర్వాత ఏ పందెంలోనూ దిగలేదని, కర్ర లేకుండా నడవలేదని, ఒప్పందం ముగించుకోవడానికి తిరిగి వచ్చిన దొర చెప్పాడు.

పోయే ముందు వ్యాను తలుపు మూయబోతుంటే ఆపి, నన్ను దగ్గరికి రమ్మంది. పరుపు మీద పడుకునే నా చెయ్యి పట్టుకుంది. అందరూ వినేట్టు, మా తెలుగులో, ఒక్కో మాట కూడబలుక్కుని చెప్పింది. "మీరెవ్వరు గీ పిల్లను తిట్టొద్దు. నా మంచి కోసమే పిలువలే. గీమె మీద నాకు కోపం లేదు." తర్వాత నావైపు తిరిగి, "ఫికర్ చెయ్యకు బిడ్డా. నీ తప్పు లేదు. సరేనా?" అంది.

బాపు, అవ్వ, దొర, డాక్టర్ అందరూ నన్నే చూస్తున్నారు. ఆమె జవాబు కోసం చెయ్యి వదలకుండా ఎదురుచూస్తోంది.

సరేనని తల ఊపాను.