ఆ గేరుకు నేను సంతకం పెట్టలేదు

ఉద్యోగంలో చేరిన కొత్తలో మనిషికి ఒక ధైర్యం ఉంటుంది. తెలిసింది తక్కువ కాబట్టి భయపడవలసిందీ తక్కువే. పటాన్‌చెరులో ఇంజిన్ విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో, ఏ భాగాన్ని ఏ మెషీన్ మీద ఎంత కొలతకు చేయాలో రాసే ప్లానింగ్ విభాగంలో చేరి నాకప్పటికి మూడు నెలలు. సంగారెడ్డి నుంచి రోజూ బస్సులో నిలబడి వచ్చే నేను (సీటు దొరికితే ఆ రోజు ప్రమోషన్ వచ్చినట్టే), ఒక గేరు ప్రాసెస్ షీటు మీద సంతకం పెట్టనని మొండికేశాను.

సంగతి చిన్నదే. హౌసింగు అనే ఇనప గూటిలోని ఖాళీలో ఒక గేరు, దానికి అటూ ఇటూ రెండు వాషర్లు పట్టాలి. పట్టాక గేరు తిరగాలి. ప్రతి కొలతా కాస్త అటూ ఇటూ ఉండవచ్చని డ్రాయింగులో టాలరెన్సు ఇస్తారు. ఆ మూడూ ఎక్కువ వైపు, ఖాళీ తక్కువ వైపు వస్తే గేరు బిగుసుకుపోతుందని నా లెక్క తేల్చింది. మా పెద్దసారు (చాటుగా అందరికీ 'ఓకే సారు') నా కాగితం వైపు చూడనైనా లేదు.

"ఏండ్ల సంది గిట్లనే నడుస్తుందమ్మా. అన్నీ ఒక్కపారే ఎక్కువెందుకొస్తయి? సంతకం పెట్టు."

"పెట్ట సార్. వస్తే ఇంజిన్ ఆగిపోతది."

"నీ ప్రొబేషన్ ఇంకా అయిపోలే. యాదుంచుకో."

"మీ ఇష్టం సార్. సంతకం మాత్రం పెట్ట."

మాటలతో లాభం లేదని, డ్రాయింగు హద్దుల్లోనే ఉండి అంచున తగిలే భాగాలను ఏరి, అందరినీ పిలిచి, వాళ్ల ముందే బిగించాను. గేరు గిర్రున తిరిగింది. షెడ్డంతా ఘొల్లున నవ్వింది. గ్రైండింగ్ మెషీన్ నడిపే పెద్దాయన, మేమంతా కాకా అని పిలిచే ఆయన, నా చెవిలో అడిగాడు.

"బిడ్డా, గేరు ఎప్పుడు కొలిసినవ్?"

"వాషింగ్ కాంగనే కాకా."

"వేడినీళ్లల్లకెళ్లి వచ్చిన ఇనుము ఉబ్బి ఉంటది గద! సల్లారితే సన్నవడ్తది, అప్పుడు కొలువాలె."

(డిప్లొమాలో ఆ పాఠంలో నాకు ఫస్ట్ మార్కు.)

"ఇగ పెడతవా?" అన్నాడు సారు నవ్వుతూ.

చెవులు కాలిపోతున్నాయి. అయినా తల ఎత్తి, "పెట్ట సార్. తప్పు నా కొలతది, లెక్కది కాదు" అన్నాను.

మర్నాడు పొద్దున్నుంచి చల్లారిన గేర్లను బుట్టల కొద్దీ కొలిచాను. మధ్యాహ్నానికి కావలసినవి దొరికాయి. ఈసారి బిగించి, సారునే తిప్పమన్నాను. వేలితో తోశాడు, కదల్లేదు. రెండు చేతులతో తోశాడు. గేరు కదల్లేదు గాని ఆయన ముఖం ఎర్రబడింది.

"జెర నూనె పొయ్యమంటరా సార్?" అన్నాడు కాకా, ఎంతో వినయంగా.

సాయంత్రానికల్లా వాషర్ల కొలత మారి కొత్త షీటు వచ్చింది. నేను చేసిన సంతకం పక్కనున్న ఆయన గడిలోకి కూడా సగం దూరింది.

ఇన్నేళ్లకు, ఈమధ్య మీటింగుల్లో "చూద్దాం సార్" అంటున్న నా గొంతు నాకే వినిపించినప్పుడల్లా, తప్పు కొలత పట్టుకుని కూడా తల దించని ఆ పిల్ల గుర్తొచ్చి నవ్వొస్తుంది. ఇప్పుడు ఆమె ఇంటర్వ్యూకు వస్తే నేను ఉద్యోగమిస్తానో లేదో చెప్పలేను. ఆమె మాత్రం నాకు ఇవ్వదు.