ప్లగ్గు పీకింది ఎవరు

నేను ఏడో తరగతి దాటలేదు. ఆనేకల్‌లో మా నాయన మగ్గం అమ్ముకున్న ఏడాదే బడి మానేశాను. రేడియోలు విప్పి పని నేర్చుకున్నాను, ఆ తర్వాత కంప్యూటర్లు. నిఘంటువు పక్కన పెట్టుకుని, ఒక్కొక్క మాటా వెతుక్కుంటూ, కంప్యూటర్లను నడిపే లినక్సు గురించి పుస్తకాలు చదివాను. డిగ్రీలున్నవాళ్ల మీద నాకున్న కోపం డెబ్బై దాటినా చల్లారలేదు. దానికి కారణముంది. వయసులో ఉండగా ఒక ఫ్యాక్టరీలో హెల్పరుగా చేశాను. మోటారు బేరింగు వేడెక్కుతోందని మూడు రోజులు చెప్పాను. ఇంజనీరు వినలేదు. నాలుగో రోజు మోటారు కాలిపోయింది. నేను నూనె వేయలేదని ఇంగ్లీషులో రిపోర్టు రాసి నా చేత సంతకం పెట్టించుకున్నాడు. ఆ పెన్ను రంగు కూడా నాకు గుర్తే, ఆకుపచ్చది.

ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, మొన్నీమధ్య నేనూ అదే పని చేశాను.

బెంగళూరు బళేపేటలో గాజుల అంగళ్ల పైన, మేడ మీద ఒక పెళ్లిపత్రికల ప్రెస్సు ఆఫీసు ఉంది. ఆరుగురు కూర్చుని డిజైన్లు చేస్తారు. వాళ్ల ఫైళ్లన్నీ ఒకేచోట ఉండేట్టు సర్వర్ పెట్టిమ్మని యజమాని పిలిచాడు. పాత కంప్యూటర్ ఒకటి తీసుకుని, కొత్త డిస్కులు వేసి, లినక్సు ఎక్కించాను. సర్వర్లకని వేరే రకం ఉంటుంది. బొమ్మలు, మౌసు ఏమీ ఉండవు, నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు, అంతే. వేయాల్సింది అది. కానీ యజమాని పక్కనే నిలబడి, "నల్లగా ఉంటే నాకేం తెలుస్తాదప్పా, బొమ్మలుండేది పెట్టు" అన్నాడు. ఇళ్లలో వాడే రకం ఎక్కించాను. ఆయన మీద నెపం వేయడం లేదు. ఎక్కించిన చేయి నాది.

దాన్ని పెట్టడానికి టీ కాచే గదిలో తప్ప చోటు దొరకలేదు. కరెంటు కెటిలు, కప్పులు, చక్కెర డబ్బా ఉన్న బల్ల మీదే ఒక మూల సర్వరూ, దాని కీబోర్డూ.

ఆ గది చూసుకునే ఆమెది కదిరి వైపు. యాభై దాటి ఉంటాయి. కట్టడం పనికి బెంగళూరు వచ్చి, మోకాలు అరిగేదాకా ఇటుకలు మోసింది. ఊడ్చి, తుడిచి, టీలు కాచే ఈ ఉద్యోగం ఆమెకు నీడపట్టున దొరికిన మొదటి పని. యలహంక నుంచి రెండు బస్సులు మారి, అందరికంటే ముందే వచ్చి తాళం తీసేది.

నెలన్నర బాగానే నడిచింది. తర్వాత ఫోన్లు మొదలయ్యాయి. పని మధ్యలో సర్వర్ ఆగిపోతోంది, కాసేపటికి దానంతటదే వస్తోంది. నేను వెళ్లేసరికి నిక్షేపంలా ఉండేది. మూడోసారి వెళ్లినప్పుడు డిజైన్లు చేసే అమ్మాయి ఒకతె, "సార్, ఆగినప్పుడల్లా పోయి చూస్తే ఆయమ్మ ఆ గదిలోనే ఉంటుంది, తడిగుడ్డ పట్టుకుని" అంది. వెళ్లి చూశాను. కెటిలు ప్లగ్గూ సర్వర్ ప్లగ్గూ పక్కపక్కనే. నాకు ఇంకేం కావాలి?

ఆమెను పిలిచాను. ఆరుగురూ ఉన్నారు, యజమానీ ఉన్నాడు.

"ఏమ్మా, కెటిలు పెట్టేటప్పుడు దీని ప్లగ్గు పీకుతున్నావా?"

"ల్యా సామీ. దాని జోలికే పోను."

"మరి నువ్వు గదిలో ఉన్నప్పుడే ఎందుకు ఆగుతుంది?"

"నేను పొయ్యేతలికే అది మబ్బుగా ఉంటాది సామీ. బల్ల తుడిస్తే దీపమొస్తాది."

"తుడిస్తే వెలుతురు రావడానికి అదేమన్నా లాంతరు చిమ్నీయా?" అన్నాను.

అందరూ నవ్వారు. నేను కూడా. ఆమె నవ్వలేదు.

"నవ్వుకోండి. నేను చూసింది చెప్తాండా."

యజమాని ఆమె వైపు చూడకుండా నన్నడిగాడు. "అదేనంటావా అప్పా?"

"అదే" అన్నాను. ఆ శనివారమే ఆమెను మానిపించారు.

ఎవరికి పని నేర్పినా నేను మొదట చెప్పేది ఒకటే: యంత్రం తన సంగతంతా తానే రాసుకుంటుంది, నీ ఊహలు తర్వాత, ముందు ఆ లాగ్ చదువు. ప్లగ్గు పీకితే యంత్రం మళ్లీ మొదటినుంచీ లేవాలి. ఎన్ని రోజులుగా ఆగకుండా నడుస్తోందో ఒక్క మాట టైపు చేస్తే చెబుతుంది. ఆ ఒక్క మాట నేను టైపు చేయలేదు. నాకు అంతా ముందే తెలిసిపోయింది కదా.

సోమవారం పొద్దున ఫోను. సర్వర్ అసలు లేవడం లేదు. వెళ్లాను. తెర నల్లగా ఉంది, ఫ్యాను తిరగడం లేదు, ముందరి చిన్న దీపం మాత్రం వెలుగుతూ ఆరుతూ ఉంది. కీబోర్డు మీద వేలు పెట్టాను. ఫ్యాను తిరిగింది. అవతలి గదిలో "వచ్చింది, వచ్చింది" అన్నారు.

ఆ బల్ల దగ్గరే కూర్చుని, అప్పుడు టైపు చేశాను. ఎక్కించిన రోజు నుంచి యంత్రానికి ఒక్కసారి కూడా కరెంటు తెగలేదు; వీధిలో పోయినా ఆఫీసుకు ఇన్వర్టరు ఉంది. ప్లగ్గు ఎవరూ పీకలేదు. లాగ్ తెరిచాను. నిద్రపోయింది, లేచింది, నిద్రపోయింది, లేచింది. రెండు గంటలు కీబోర్డు ఎవరూ ముట్టకపోతే నిద్రపొమ్మనే ఏర్పాటు ఆ రకంలో ముందే ఉంటుంది. దాన్ని తీసేయాలి. నేను తీయలేదు. ఆరుగురు పక్కగదిలోంచి ఫైళ్లు తీస్తున్నా దానికి లెక్కలేదు. దాని కీబోర్డునే ఎవరో తాకాలి. రోజూ పొద్దున ఎనిమిదికి అటూ ఇటూగా లేచింది. అది ఆమె బల్ల తుడిచే వేళ. ప్రతి టీకి ముందూ వెనకా తుడిచేది గనక పగలంతా మెలకువగా ఉండేది. పెళ్లిళ్ల సీజను వచ్చి, కార్డులు కట్టలు కట్టడానికి ఆమెను కింద వెనకవైపు ఉన్న అచ్చుగదికి పంపడం మొదలయ్యాకే టీలు ఆలస్యమయ్యాయి, ఇది ఆగసాగింది. ఆమె పైకొచ్చి గుడ్డ వేస్తే లేచేది. ఆమె చెప్పింది అక్షరాలా అదే.

యజమాని తలుపు దగ్గరికొచ్చి, "ఏమాయె అప్పా?" అన్నాడు.

"సెట్టింగు ఒకటి. సరిచేసినా."

"ఆయమ్మ పీకి పీకి చెడిపినట్టుండాది."

ఆ మాట అలాగే ఉండనిచ్చాను. సంచి సర్దుకుని మెట్లు దిగాను. తప్పు చేయడం ఎవరికైనా ఉన్నదే. ఆ మెట్లు దిగడం ఉంది చూశారా, అది అబద్ధం. పదకొండు రోజులు అలాగే ఉన్నాను. ఇంట్లో ఎవరైనా నన్ను పిలిస్తే ఉలిక్కిపడేవాణ్ని.

పన్నెండో రోజు ఆమె నంబరు సంపాదించి యలహంక వెళ్లాను. పాత ఊరి వెనక, కట్టడం దగ్గర ఇటుకలు అందిస్తోంది. మోకాలికి గుడ్డ కట్టుకుంది. నన్ను చూసి, చేతిలో ఇటుక కింద పెట్టకుండానే అంది:

"ఏం సామీ, ఈడ గూడా ప్లగ్గు పోయిందా?"

"నీ తప్పేం లేదమ్మా. నాదే."

"నాకు చెప్తే ఏమొస్తాది? నాకు తెలిసిందే కదా. నలగురి ముందర అంటివి, ఆ నలగురికీ చెప్పు. నేను పనిడిచి రాలేను. ఫోన్ చేసి, గట్టిగా వినపడేట్ల పెట్టు. నేనూ వింటా."

మర్నాడు టీ వేళకు ప్రెస్సుకు వెళ్లాను. అందరినీ పిలిచి, ఫోను బల్ల మీద పెట్టి స్పీకరు నొక్కాను. అటునుంచి కాంక్రీటు కలిపే మిషను చప్పుడు. "ఈ పవర్ మేనేజ్‌మెంటులో డిఫాల్టుగా సస్పెండ్ అనేది" అని మొదలుపెట్టాను.

"మాకర్థమయ్యేట్ల చెప్పు సామీ" అంది ఫోను.

ఆకుపచ్చ పెన్నుతో రాసిన రిపోర్టులో కూడా నాకు తెలియని మాటలే ఉండేవి.

"ఆమె ప్లగ్గు పీకలేదు" అన్నాను. "యంత్రాన్ని నిద్రపోయేట్టు వదిలేసింది నేను. ఆమె తుడిచినందుకే అది ఇన్నాళ్లూ లేచింది. ఆమె ఆ రోజే చెప్పింది, నేను వినలేదు. తర్వాత తెలిసి కూడా దాచాను."

యజమాని నా వైపు ఒకసారి చూసి, ఫోను మీదికి వంగాడు. "రేపట్నుంచి వచ్చేయమ్మా."

"మేస్త్రీకి మాటిచ్చినా సామీ. స్లాబు పడినంక చూస్తా." మళ్లీ తానే, "పెద్దాయన ఉండాడా?" అంది.

"ఉన్నానమ్మా."

"లాంతరు మాట గూడా చెప్పు."

చెప్పాను. లాంతరు చిమ్నీయా అని ఎగతాళి చేసి అందరినీ నవ్వించింది నేనేనని, ఆ నవ్వు తప్పని చెప్పాను. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"ఆ, అంతే" అని పెట్టేసింది.

ఇది రాసే నాటికి స్లాబు ఇంకా పడలేదు.