వియ్యంకుడి చేతికి కట్టిన కంప్యూటర్

భద్రరాజు గారు వెళ్ళిపోయారు. పొద్దున్నే కాఫీ గ్లాసు చేత పట్టుకుని కూర్చున్న నాకు వారి అబ్బాయి శ్రీనివాస్ ఫోన్ చేసి, "నాన్నగారు ఇక లేరండి మేస్టారూ" అన్నాడు. తెలుగు పాఠం చెప్పుకుని బతికినవాణ్ణి. అశనిపాతం, దిగ్భ్రాంతి, నిర్వేదం అనే మాటలు అర్థాలతో సహా ఎన్ని తరగతుల పిల్లల చేత వల్లె వేయించానో. ఆ క్షణాన నా నోటికి వచ్చింది మాత్రం "ఎప్పుడు?" అన్న ఒక్క మాటే. రెండేళ్ళుగా మంచం దిగని మనిషి, ఈ కబురు ఏదో ఒకనాడు వస్తుందని తెలుసు. తెలిసినంత మాత్రాన గుండె సిద్ధంగా ఉంటుందనుకోవడం ఒట్టి భ్రమ అని ఆ పూట తెలిసింది.

భీమవరం చుట్టుపక్కల ఆయన్ని ఎరగనివారు తక్కువ. వరిచేలు రొయ్యల చెరువులుగా మారిన రోజుల్లో ముందుగా తవ్వించినవారిలో ఆయనొకరు. దీర్ఘకాయుడు, మృదుభాషి, నవ్వితే కళ్ళు మూసుకుపోయేవి. అయితే నేను స్మరిస్తున్నది ఆ రొయ్యల రైతుని కాదు. నడివయస్సులో సముద్రగర్భానికి దిగడం నేర్చుకుని, కాలవలో కూడా మోకాలు దాటి దిగని నాలాంటి భీరువుల్ని వెంటబెట్టుకుని దింపిన గురువుని. వీపుకి గాలి సిలిండరు కట్టుకుని నీటి అడుగున చేపల మధ్య సంచరించడాన్ని స్కూబా డైవింగ్ అంటారు. మన జిల్లాలో ఈ మాట చెబితే, ఈయనకేం వచ్చిందండీ ఈ వయసులో అన్నవాళ్ళే ఎక్కువ. చెరువు తూముకి అడ్డుపడ్డ నాచు తీయించడానికి మనిషి దొరక్క, ఊపిరి బిగబట్టి తనే మునిగిన నాడు మొదలైందట ఆ సరదా. అది ఆయన్ని అండమాన్ దాకా తీసుకుపోయింది.

"మనకి ఇంత సముద్రం ఉండగా అండమాన్ దాకా ఎందుకండీ?" అని మొదట్లో అడిగాను.

"మన సముద్రంలో గోదారి బురద తప్ప ఏం కనపడుతుందండి? చెయ్యి చాపితే ఆ చెయ్యే కనపడదు" అన్నారు.

ఏటా చలికాలంలో మా నలుగురైదుగురినీ కూడగట్టి తీసుకెళ్ళేవారు. వెళ్ళేముందు ఒక్కొక్కరికీ ఒక పరీక్ష ఉండేది. అది ఈతలో కాదు, డైవ్ కంప్యూటర్ ఎంచుకోవడంలో. తెలియనివారి కోసం చెబుతాను. నీటిలో లోతుకి వెళ్ళేకొద్దీ, మనం పీల్చే గాలిలోని నత్రజని ఒంట్లో ఇంకుతుంది. అక్కడ అతిగా ఉండిపోయినా, తొందరపడి పైకి వచ్చినా అది బుడగలుగా మారి నరాల్ని పాడుచేస్తుంది. ఎంత లోతున ఎంతసేపు ఉన్నామో కనిపెట్టి, ఇక చాలు, నెమ్మదిగా పైకి పదమని హెచ్చరించే పరికరమే ఈ డైవ్ కంప్యూటర్. చూడ్డానికి లావుపాటి చేతిగడియారంలా ఉంటుంది.

నేను కొనబోయేముందు ఆయన దగ్గరకి వెళ్ళాను. రంగుల బొమ్మలున్న కాగితాలు పట్టుకెళ్ళి, ఇది అందంగా ఉందండీ అని చూపించాను. ఆయన బకెట్‌తో చెరువు నీళ్ళు తెప్పించి, తన కంప్యూటర్ అందులో ముంచి, నా కళ్ళజోడు తీయించి, అంకెలు చదవమన్నారు. నేను ఎనిమిదిని మూడన్నాను. "చత్వారం వచ్చిందండి మీకు. అందం సంగతి తరవాత, ముందు అంకె పెద్దదిగా ఉందో లేదో చూసుకోండి" అని నా చేత వేరేది కొనిపించారు. నేను కాస్త చిన్నబుచ్చుకున్న మాట నిజం. ఆ మరుసటి శీతకాలం, మసక నీళ్ళలో ఆ పెద్ద అంకెలు చూసుకుని పైకి వచ్చిన మాట కూడా నిజం.

మాలో పళ్ళ డాక్టరు ఒకాయన ఉండేవారు. ఏ వస్తువైనా ఖరీదైనదే కొనాలని ఆయన నియమం. ఆయన చూసిన కంప్యూటర్ సిలిండరులో గాలి ఎంతుందో చెబుతుందట, దిక్కులు చూపిస్తుందట. భద్రరాజు గారు అన్నీ శ్రద్ధగా విని, "బ్యాటరీ అయిపోతే ఎవరు మారుస్తారండి?" అని అడిగారు. ఏదో దేశానికి పంపాలని తేలింది. "అయితే అది మీకు పనికిరాదండి. దీవిలో కూర్చుని మీ చేత్తో మీరు మార్చుకోగలిగింది కొనుక్కోండి. దిక్కులు కావాలంటే నా వెనకాల రండి" అన్నారు. డాక్టరు గారు రెండు రోజులు అలిగి, మూడోనాడు ఆయన చెప్పిందే తెప్పించుకున్నారు.

శ్రీనివాస్‌కి ఒకటి నచ్చింది. అడుగున మిగతావాటికంటే ఎక్కువసేపు ఉండనిస్తుందని దానికి పేరు. తండ్రికి అది ససేమిరా గిట్టలేదు. "మన మీద నమ్మకం లేని కంప్యూటరే మనకి మంచిది బాబూ. ఇంకాసేపుండు అనేవాళ్ళు ఇంటినిండా ఉన్నాం కదా, అదొక్కటైనా ఇంక లేవరా అననీ" అన్నారు. ఈ మాట మేం చాలాకాలం చెప్పుకుని నవ్వుకున్నాం. వీటన్నిటికీ పైన ఆయన ఖండితంగా చెప్పిన శాసనం ఒకటుంది. ఎవరి కంప్యూటర్ వాళ్ళదే. ఒకరిది ఇంకొకరు కట్టుకోవడమంటే, ఒకరి రక్తపరీక్ష రిపోర్టు చూసి ఇంకొకరు మందు మింగడమే అనేవారు. లేనివాళ్ళు ఆ పూటకి నీళ్ళలోకి దిగకూడదు, అంతే.

ఇక ఆయన మర్యాద గురించి. మర్యాద అంటే మన ప్రాంతంలో మాటకి ముందొక అండీ, వెనకొక అండీ అనుకుంటారు బయటి ప్రాంతాలవాళ్ళు. భద్రరాజు గారిది వేరు. ఒకసారి మిట్టమధ్యాహ్నం వాళ్ళింటికి వెళ్ళి, నేను భోంచేసే వచ్చానండీ అన్నాను. వేడివేడిగా వడ్డించిన కంచం ముందు నుంచి ఆయన లేచి వచ్చి నా పక్కన కూర్చున్నారు. ఎంత చెప్పినా వినలేదు. "మీరు కూర్చుని చూస్తుంటే నేను తినడం ఏం బాగుంటుందండి?" అన్నారు. ఆ పూట ఆయన పస్తే ఉన్నారు. నాకు ముచ్చటేసింది, విసుగూ వచ్చింది. ఎదుటివాడికి లోటు జరిగిందేమోనన్న బెంగ ఆయనకి ఆకలి కంటే పెద్దది.

శ్రీనివాస్ పెళ్ళైన ఏడాదే మాతో అండమాన్‌కి వియ్యంకుడు గారు వచ్చారు. అమలాపురం దగ్గరి పెద్దమనిషి, నెమ్మదస్తుడు. డైవింగ్ శిక్షణ పూర్తిచేశారు గానీ సొంత కంప్యూటర్ ఇంకా కొనుక్కోలేదు. అద్దెకి ఒకటి తీసుకున్నారు. ఉదయం మొదటిసారి లోతుగా దిగి వచ్చాక, పడవలో ఆ అద్దె కంప్యూటర్ ఆగిపోయింది. మరొకటి లేదు. నాకు చెవిపోటుగా ఉండి ఆ రోజు ఒడ్డునే ఉండిపోయాను కాబట్టి ఇదంతా తరవాత విన్నదే. శాసనం ప్రకారం వియ్యంకుడు గారు పడవలో కూర్చోవాలి. కొత్త వియ్యంకుణ్ణి పడవలో కూర్చోబెట్టి తాను వినోదానికి దిగడమా? తనూ మానుకుంటే, నా వల్ల ఆగిపోయారే అని ఆయన నొచ్చుకోరూ? భద్రరాజు గారు తన చేతికున్నది విప్పి ఆయన చేతికి కట్టారు. ఆయన వద్దంటే, "నాకు సంచిలో ఇంకోటి ఉందండి బావగారూ" అన్నారు. సంచిలో ఏమీ లేదు. జన్మలో అబద్ధం ఆడి ఎరగని మనిషి.

ఇద్దరం ఒకే లోతున పక్కపక్కనే ఉంటాం, ఆ లెక్కే తనకీ సరిపోతుందనుకున్నారో ఏమో. కానీ పక్కన ఎక్కడున్నారు? పంక్తిలో వడ్డించేవాడు తినేవాళ్ళ వెనక నిలబడినట్టు, వియ్యంకుడు గారు జారితే పట్టుకోవడానికి ఆయన ఆసాంతం ఇంకా కిందనే ఉన్నారు. పైనున్న చేతి మీద కంప్యూటర్ పైనున్నవారి లెక్క చెప్పింది. కింద ఉన్నవారికి చెప్పేది ఏదీ లేదు.

ఒడ్డుకి వచ్చాక భోజనాలు. నేను అక్కడే ఉన్నాను. భద్రరాజు గారు కూర్చోకుండా, కుర్చీ వీపు పట్టుకుని నిలబడి వియ్యంకుడు గారికి దగ్గరుండి వడ్డింపిస్తున్నారు. అలవాటే కదా అనుకున్నాం అందరం. చేప, చారు, పెరుగు, అన్నీ అయ్యాయి. వియ్యంకుడు గారు చెయ్యి కడుక్కుని వక్కపలుకు నోట్లో వేసుకున్నాక, భద్రరాజు గారు నన్ను దగ్గరికి పిలిచి, "మేస్టారూ, పడవ దిగినప్పటి నుంచీ కాళ్ళు నావి కావనిపిస్తోందండి" అన్నారు మెల్లిగా. ముందే చెప్పొద్దా అని అరిచాను. "వారు భోజనం మధ్యలో లేచిపోతారండి" అన్నారు. నత్రజని బుడగలు తెచ్చే ఆ జబ్బుకి ఒత్తిడి పెంచే గదిలో పెట్టి చేసే వైద్యం ఒకటుంది. ఆ గది ఉన్న ఊరికి మధ్యాహ్నం వెళ్ళే పడవ, మేం పెరుగన్నం తింటూండగా కూత వేసి మరీ వెళ్ళిపోయింది. సముద్రం పోటు మీద ఉంది, మరో పడవ కదలనంది. మర్నాడు చేర్చాం. వైద్యులు చేయగలిగిందంతా చేశారు. ఆలస్యమైపోయిందన్నారు. నడుం కింది నుంచి ఆయన మరి కదలలేదు.

ఆ తరవాతి రెండేళ్ళ గురించి నాకు రాయాలని లేదు. వీపున పుళ్ళు పడ్డాయి. ఆ పైన మూత్రపిండాలు చెడ్డాయి. అంత సముద్రాన్ని చూసిన మనిషి పంకా రెక్కలు చూస్తూ పడుకున్నారు. పరామర్శకి వచ్చిన ప్రతివాడికీ కాఫీ అందిందా లేదా అని తల తిప్పి కనుక్కునేవారు. ఒకనాడు నేనే తెగించి అడిగాను. "మీ శిష్యులందర్నీ పిలుస్తాను. ఇది పొరపాటని మీ నోటితో ఒక్కసారి చెప్పండి. మీరు చెబితే వింటారు. రేపు ఇంకొకరు ఇలా కాకుండా ఉంటారు" అన్నాను.

ఆయన తలుపు వైపు చూశారు. తరవాత గొంతు తగ్గించి, "కోడలు పక్క గదిలో ఉందండి. వాళ్ళ నాన్నగారి వల్లే ఇలా అయిందన్నట్టు ఉండదూ? వదిలేయండి" అన్నారు.

ఆ ఒక్క విషయంలో ఆయన మీద నాకు కోపం వచ్చింది. ఇప్పటికీ ఉంది. చచ్చిపోతున్న మనిషి కూడా ఎవరి మనసు నొప్పించకూడదో చూసుకుంటే ఇక బతికున్నవాళ్ళకి బుద్ధి చెప్పేదెవరు?

పెద్దకర్మ నాడు సంతాపసభ పెట్టారు. అతిథి మర్యాద కోసం ప్రాణాన్నే తృణప్రాయంగా ఎంచిన మహానుభావుడని వక్తలు ఒకరి తరవాత ఒకరు అన్నారు. జనం కళ్ళు తుడుచుకున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. తృణప్రాయమేమిటి? అది కంప్యూటర్ లేకుండా నీళ్ళలోకి దిగడం. కాళ్ళు మొద్దుబారినా పెరుగు దాకా ఆగడం. సభ అయ్యాక వియ్యంకుడు గారు నా దగ్గరకి వచ్చారు. మనిషి సగమైపోయారు. "ఇంకోటి ఉందన్నారండి మేస్టారూ. నేను నమ్మాను. మీరు రాయండి. జరిగింది జరిగినట్టు రాయండి. నేను బాధపడతానని ఆపకండి" అన్నారు. ఆయన తప్పు ఇందులో ఇసుమంతైనా లేదు. ఆయన మాట మీదే ఈ నాలుగు ముక్కలూ రాశాను.

అచ్చుకి పంపేముందు శ్రీనివాస్‌ని పిలిచి మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించాను. వచ్చే శీతకాలం మామగారినీ, బావమరిదినీ తీసుకుని మళ్ళీ అండమాన్ వెళ్తున్నాడు. అందుకే అతను వినాలని నా పట్టు. తల వంచుకుని అంతా విన్నాడు. తండ్రి కాళ్ళ సంగతి వచ్చినచోట కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడు. ఎక్కడా ఒక్క అక్షరం మార్చమనలేదు.

"అంతా నిజమేనండి మేస్టారూ" అన్నాడు చివర్న. కళ్ళు తుడుచుకుని, "కానీ ఆ పూట మామగారి చేతికి కంప్యూటర్ లేకపోతే నేను మాత్రం ఇవ్వకుండా ఎలా ఉంటానండి?" అన్నాడు.

భద్రరాజు గారూ, మీకు చేతులెత్తి నమస్కరిస్తున్నాను. మీలాంటి గురువు మాకు మళ్ళీ దొరకరు. మీతోనైనా ఇది ఆగుతుందన్న ఆశ మాత్రం నాకు లేదండి.