ఇంజినీరుగారి వంతులో మరియమ్మత్త

ఒక మేనత్త నోటికి నరసరావుపేట నుంచి మాచర్ల దాకా కాలవ కాలవంతా దద్దరిల్లిపోయిన కథ ఇది. అందులో మూర్ఖుణ్ణి నేనే. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ తప్పంతా నాదేనని మాత్రం చచ్చినా ఒప్పుకోను, ముందే చెబుతున్నాను.

ఎనభైల్లో సంగతి. నరసరావుపేటలో కాలవల ఆఫీసులో నేను వైర్‌లెస్ ఆపరేటర్ని. కొత్త ఉద్యోగం, కొత్త మీసం. లాకుకో సెట్టు, ఇంజినీరుగారి జీపులో ఒక సెట్టు, ఆఫీసులో నా సెట్టు. అన్నిటికీ కలిపి దారి మాత్రం ఒక్కటే. మీట నొక్కి ఒకరు మాట్లాడుతుంటే మిగతా అందరూ వినాలి. ఇద్దరు ఒకేసారి నొక్కారా, బాణలిలో ఆవాలు చిటపటలాడినట్టు మోతే తప్ప మాట ఉండదు. మావాళ్ళు పొద్దస్తమానం ఆ ఆవాలే వేయించేవాళ్ళు.

నాకు ఒళ్ళు మండింది. పల్నాటి రైతు బిడ్డని. మా పొలాలకు నీళ్ళు వంతుల మీద వస్తాయి. నీళ్ళకి వంతులున్నప్పుడు గాలికెందుకుండవు? గంటని ముక్కలు చేసి సెట్టుకో ముక్క పంచేశాను. అందరికంటే పెద్ద ముక్క ఇంజినీరుగారికి. ఆ ముక్కలో ఆయన ఏనాడూ నోరు విప్పి మాట్లాడింది లేదు. ఆ వేళకి జీపు ఏదో ఒక హోటలు ముందు ఆగి ఉండేది, ఆయన నోరు పెసరట్టు పనిలో ఉండేది. అయినా సరే, బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు ఆపినట్టు, ఆయన వంతుని ఖాళీగా కాపాడేవాణ్ణి. గాలికి పోయే కంపని ఒంటికి తగిలించుకోవడం అంటారే, నేను ఏకంగా గాలినే తగిలించుకున్నాను.

మిరపకాయలు కళ్ళాల్లో ఎండే రోజులు. ఒక పొద్దున ఇంజినీరుగారి వంతు నడుస్తోంది, అంటే ఏమీ నడవడం లేదు. అంతలో కింది లాకు దగ్గర కాలవ కాసే లస్కరు మస్తాన్ బాబాయ్ గొంతు దూసుకొచ్చింది.

“ఒరేయ్ రత్నం! కాలవ కట్టకి బుంగ పడిందిరా! పై లాకులో సుబ్బయ్య ఆఫీసు మాట లేందే కదలడు, షట్టరు దించి నీళ్ళాపమను. ఓవర్!”

“బాబాయ్, ఇది నీ వంతు కాదు. ఇంజినీరుగారిది. ఓవర్.”

“ఆయన మాట్టాడతన్నాడా?”

“లేదు.”

“మరి ఖాళీగానే ఉందిగా!”

“ఖాళీగా ఉన్నా ఆయనదే. ఉన్నపళంగా ఆయన మాట్లాడితే నా ఉద్యోగం ఊడుద్ది. ఓవర్.”

“ఏందిరా నీ ఓవరు! కట్ట కింద కళ్ళంలో మీ మరియమ్మత్త కాయలు ఎండతన్నయ్యి. ఏడాది కష్టమంతా ఆడే ఉంది. నీళ్ళొస్తే కొట్టుకుపోయిద్ది!”

మరియమ్మత్త మా నాన్నకి అక్క. నా గుండె జారిన మాట నిజం. కానీ సుబ్బయ్యతో సహా అందరూ వింటున్నారు. సొంత అత్త అనేసరికి రూలు గాల్లో కలిపేశాడని రేపు నన్ను ఆడిపోసుకోరూ? మీరైతే ఏం చేసేవాళ్ళో గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పండి!

“నీ వంతు రాగానే మొదటి మాట నీదే బాబాయ్,” అన్నాను గంభీరంగా.

బాబాయ్ మీట వదిలి, కళ్ళంలోకి కేకేసి సంగతంతా చెప్పినట్టున్నాడు. ఆ వెంటనే నా సెట్టు పగిలేంత అరుపు వినబడింది.

“ఒరేయ్ రత్నంగా! నేనురా, మీ అత్తని! గాలేమన్నా మీ నాయన సొత్తంటరా? మీ నాయన నా తమ్ముడేగా, ఆడికి గాలెక్కడిదిరా! షట్టరు దించమను! ఎవుడా ఇంజినీరు? తిండిపోతు సచ్చినోడు! ఆడు తినేదాకా నా కాయలు ఈతకొట్టాలంటనా? షట్టరు దించండ్రా! నువ్వు ఇంటికి రా, నీ ఈపు ఇమానం మోత మోగిద్ది!”

ఆ ఒక్క మాటతో నా రూళ్ళన్నీ ఎగిరిపోయాయి. సుబ్బయ్యకి చెప్పేద్దామని మీట నొక్కాను. ఆవాలు చిటపటలాడాయి. అత్త మీట వదలడం లేదు! నొక్కితే మన మాట అవతలికి పోతుందని మస్తాన్ బాబాయ్ చెప్పాడు గానీ, వదిలితేనే అవతలి మాట వస్తుందని చెప్పలేదు. నేను అరిచిన ప్రతి అరుపూ ఆవిడ తిట్ల కింద నలిగిపోయింది. అత్త ఏడాది కష్టం నా వంతుల పిచ్చికి ఏటిపాలవుతోందని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

చివరికి ఆవిడ ఊపిరి తీసుకోవడానికి ఆగింది. సందు దొరికించుకుని అరిచాను.

“సుబ్బయ్యా! షట్టరు దించు! ఓవర్!”

“ఎప్పుడో దించా. ఓవర్.”

“ఆఫీసు నుంచి మాట రాకుండా ఎట్టా దించావ్? ఎవరు చెప్పారు?”

“ఇంజినీరుగారు.”

“ఆయనెప్పుడు చెప్పాడయ్యా?”

“ఇంతసేపూ చెప్పింది ఆయనేగా! ఈ వంతులో ఇంజినీరుగారు తప్ప ఎవురూ మాట్టాడరని రూలు పెట్టింది నువ్వేగా! ఇవాళ చానా కోపంగా ఉన్నారు, ఆలస్యమైతే బాగోదని గబగబా తిప్పేశా. ఓవర్.”

నీళ్ళు కళ్ళం అంచుని తడిపి ఆగిపోయాయి. కాయలు దక్కాయి. బుంగ పూడ్చారు. మధ్యాహ్నానికి ఇంజినీరుగారు ఆఫీసులోకి వచ్చి నా ఎదురుగా నిలబడ్డారు.

“షట్టరు దించమని నేనెప్పుడు చెప్పానయ్యా?”

“మీ వంతులో చెప్పారు సార్.”

“ఆడగొంతుతోనా?”

“ఈ సెట్లలో గొంతు కాస్త మారుద్ది సార్.”

“నన్ను నేనే తిండిపోతునని తిట్టుకున్నానట?”

“కోపంలో అనేసి ఉంటారు సార్.”

ఆయన జేబురుమాలు తీసి మూతి తుడుచుకున్నారు. ఆ సమయంలో తానెక్కడ ఉన్నదీ తనకి తెలుసు, నాకూ తెలుసు. కట్ట తెగకుండా కాపాడిన పేరు ఊరికే వస్తుంటే కాదనడం ఎందుకనుకున్నారో ఏమో, “మంచి పనే చేశాను. ఈసారి కాస్త మర్యాదగా చెబుతాలే,” అని వెళ్ళిపోయారు.

ఇప్పుడు చెప్పండి, ఆ కాయల్ని కాపాడింది ఎవరు? నా వంతులు కాదూ? ఈ మాట మరియమ్మత్త ముందు అన్నందుకు నా వీపు విమానం మోత నిజంగానే మోగింది, అది వేరే సంగతి. అయినా పెద్దల ఎదుట ప్రమాణం చేశాను: ఇక ఈ జన్మలో గాలికి వంతులు వేయను. దారి ఖాళీగా ఉంటే ఎవరికి అవసరమైతే వాళ్ళు మాట్లాడుకోవచ్చు. మా అత్త మాట్లాడితే మాత్రం, ఆవిడ మీట వదులుతుందని పూచీ పడలేను.