బోయిగూడలో ఎర్రగీత ఎక్కిన ముల్లు

ఈరోజు బేగంపేటలో బానెట్ ఎత్తి నిలబెట్టిన పాత కారు చూశాను. ఆ వేడి ఆయిల్ వాసనకు చిన్నప్పటి మధ్యాహ్నం ఒకటి కళ్లముందుకొచ్చింది. మన ఈడువాళ్లకు గుర్తుందా, ఎండాకాలం కారు తీస్తే రేడియేటర్లో పోయడానికి డిక్కీలో నీళ్ల డబ్బా ఉండాల్సిందే.

ఆ రోజు అమ్మకు నొప్పులొచ్చాయి. లాలాగూడ నుంచి నాన్న అమ్మనూ నన్నూ కారెక్కించుకుని ఆసుపత్రికి బయలుదేరాడు. బోయిగూడ చేరామో లేదో, టెంపరేచర్ ముల్లు ఒక్కసారిగా ఎర్రగీత దాటింది. ఇంజన్ కాలిపోతుందని నాన్న కారు ఆపేశాడు, తాళం మాత్రం ఆన్‌లోనే ఉంచాడు. చుట్టుపక్కల ఒక్క ఆటో లేదు.

"ఏమైంది?" అమ్మ పళ్ల బిగువున అడిగింది.

"జెర ఓర్చుకో, చూస్తున్న. బిడ్డా, నువ్వు ముల్లు చూస్తుండు."

బానెట్ ఎత్తితే ఆవిరి లేదు, నీళ్లూ కారడం లేదు. ముల్లుకు వచ్చే వైరు తొడుగు అరిగి, ఇంజన్ ఇనుముకు తగులుతోంది. నాన్న దాన్ని పక్కకు లాగాడు.

"నాన్నా, ముల్లు దిగింది" అన్నాను.

"ఇంజన్ మంచిగనే ఉంది. వైరు తగిలి ముల్లే తప్పు చూపించింది." ఆయన బానెట్ మూసి కారు మళ్లీ స్టార్ట్ చేశాడు.

సాయంత్రానికి చెల్లి పుట్టింది. ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని నాన్న ఏడవడం మొదటిసారి అప్పుడే చూశాను. నర్సమ్మ బయటికొచ్చి, "ఆ గ్రీజు చేతులు కడుక్కొని రాండ్రి, బిడ్డను ఎత్తుకుందురు" అంది. నాన్న నల్లా దగ్గరికి పరుగెత్తాడు.