పక్కింటి ఆంటీ వెతికి కొన్న పాత రైఫిల్

పోయిన నెల ఒక సోమవారం ఆఫీసులో ఉండగా పక్కింటి ఆంటీ వాళ్ళబ్బాయి ఫోన్ చేశాడు. ఎప్పుడూ మెసేజ్ పెట్టేవాడు ఫోన్ చేశాడంటే ఏదో జరిగిందని లేచి బయటికి వెళ్ళి మాట్లాడాను. "అక్కా, మమ్ ఈజ్ గాన్" అన్నాడు. వినపడలేదనుకున్నాడేమో, "అమ్మ పోయింది" అని తెలుగులో మళ్ళీ చెప్పాడు. వస్తున్నానన్నాను. వెళ్ళి చేయగలిగిందేమీ లేదని ఇద్దరికీ తెలుసు.

ఆంటీది కాకినాడ. పెళ్ళయి ఈ దేశానికొచ్చి, పాథాలజీ ల్యాబులో చాలా ఏళ్ళు పనిచేసి రిటైరయ్యారు. అంకుల్ పోయాక ఈ నగరం శివార్లలో, టార్నీట్‌లో మా పక్కింట్లో ఒక్కరే ఉండేవారు. నాకు డ్రైవింగ్ నేర్పింది ఆవిడే. నేను కంగారులో బ్రేకు బదులు యాక్సిలరేటర్ తొక్కి ఎవరిదో చెత్తబిన్ను గుద్దేస్తే, "పర్లేదమ్మా, బిన్నుకి ప్రాణం లేదుగా. మళ్ళీ స్టార్ట్ చెయ్యి" అన్నారు. గొంతు పెంచడం ఆవిడకి రాదు.

శనివారాలు పొద్దున్నే దళసరి జాకెట్టూ చుట్టిన చాపా కారులో పెట్టుకుని ఎక్కడికో వెళ్ళేవారు. యోగా క్లాసేమో అనుకున్నాను. అడిగితే నవ్వి, "రైఫిల్ క్లబ్బమ్మా. పడుక్కుని కాలుస్తాం" అన్నారు. నేను నోరు తెరిచాను.

కాలేజీలో ఎన్.సి.సి.లో చేరినప్పుడు మొదటిసారి తుపాకీ పట్టుకున్నారట. పాయింట్ టూటూ అనే చిన్న గుండు రైఫిల్. అందరూ చెవులు మూసుకుంటుంటే ఈవిడకి మాత్రం ఒళ్ళంతా నిమ్మళించిందట. "ఆ చివర గురి అట్ట మీది నల్ల చుక్క తప్ప ఇంకేం ఉండదే అమ్మాయ్. ఇంట్లో తిట్లు, పరీక్షలు, ఏవీ ఉండవు" అనేవారు. తర్వాత పెళ్ళి, ఉద్యోగం, పిల్లాడు. అరవై దాటాక లైసెన్సు తీసుకుని క్లబ్బులో చేరారు. అక్కడి రైఫిళ్ళతో కాల్చేవారు గానీ, మనసంతా కాలేజీలో పట్టుకున్న ఆ రకం మీదే. అలాంటిది ఒకటి కొనుక్కోవాలని ఎన్నాళ్ళుగానో వెతుకుతున్నారు.

"మమ్, సీరియస్లీ? ఇంట్లో గన్నా?" అన్నాడు వాళ్ళబ్బాయి.

"నీ సర్ఫ్‌బోర్డు గరాజంతా ఆక్రమించినప్పుడు నేనేమన్నా అన్నానా?" అన్నారీవిడ.

బల్లరాట్ ఊరు దాటాక ఒక పల్లెలో, గొర్రెల పెంపకం మానేస్తున్న ముసలి రైతు దగ్గర ఒకటుందని ప్రకటన చూశారు. అంత దూరం తోలలేనన్నారు. నేను తీసుకెళ్ళాను. అప్పటికే కుడి చెయ్యి కొంచెం వణికేది. చలికనుకున్నాం ఇద్దరం.

రైతు దాన్ని షెడ్డులో బల్లమీద పెట్టి, మా నాన్న యుద్ధం నుంచి తెచ్చిన సైన్యపు తుపాకీ అని గర్వంగా చెప్పాడు.  ఆంటీ లోపల గుండు లేదని తెరిచి చూసుకుని, గొట్టం మూతి వెలుతురుకేసి తిప్పి నన్ను పిలిచారు. "చూడు. గొట్టం ఎంత లావుందో, రంధ్రం ఎంత చిన్నదో. ఈ చుట్టూ సన్నటి గీత కనబడుతోందా? పెద్ద తుపాకీ గొట్టంలో ఇంకో సన్న గొట్టం దూర్చారు. కొత్త కుర్రాళ్ళకి నేర్పడానికి ఇలా మార్చేవారు." కింద గుళ్ళపెట్టె ఉంది గానీ లోపల స్ప్రింగు లేదు. కాల్చిన గుళ్ళ ఖాళీ తొడుగులు అందులో పడతాయి, అంతే. గుండు ఒక్కొక్కటే చేత్తో పెట్టుకోవాలి. గుండు బిగించే కడ్డీ మీది నంబరూ రైఫిల్ ఒంటి మీది నంబరూ వేలితో తడిమి పోల్చారు. ఒకటే. చెక్కకి ఒకచోట పాత అతుకు ఉంది. "దెబ్బ తిన్నదే కానీ, వేర్వేరు తుపాకుల ముక్కలేరి అతికించింది కాదు."

"అమ్మేవాడి మాట కాదమ్మా, ఇనుం మాట వినాలి" అని నాతో తెలుగులో అని, రైతుతో ఇంగ్లీషులో చాలా మెత్తగా చెప్పారు, ఇది యుద్ధంలో కాల్చింది కాదు, బడిలాంటిది అని. ఆయన ముఖం చిన్నబోయింది. ఆంటీ ఆ చెక్క నిమిరి, "మీ నాన్నగారు దీంతో ఎంతమందికి నేర్పారో" అన్నారు. ఆయన తల తిప్పుకుని షెడ్డు బయటికి చూశాడు. తర్వాత బేరం కుదిరినట్టు చెయ్యి చాపాడు.

ఇక్కడ తుపాకీ కొంటే చేతికివ్వరు. పోలీసుల అనుమతి వచ్చేదాకా తుపాకుల డీలరు కొట్లో ఉండాలి. ఆ ఎదురుచూపుల్లోనే డాక్టరు చెప్పాడు, ఆ వణుకు చలిది కాదని. పార్కిన్సన్స్.

క్లబ్బులో ఎవరో మంచి మనసుతోనే, ఇప్పుడే ఎవరికీ చెప్పకు, ఒక్క సీజను కాల్చుకో అన్నారట. ఆంటీ ఇంటికొచ్చి లైసెన్సు వాళ్ళకి తానే ఫోన్ చేసి చెప్పేశారు. లైసెన్సు పోయింది. దాంతో రైఫిలూ పోయింది, డీలరు కొట్లోనే అమ్మకానికి ఉండిపోయింది.

నాకు ఉక్రోషం వచ్చింది. "నేను లైసెన్సు తీసుకుంటానాంటీ. నా పేరు మీద ఉంచుదాం. మీరు చూసుకోవచ్చు."

"నీకు కాల్చాలనుందా?"

నేను తల అడ్డంగా ఊపాను.

"లేదు కదా. నాకోసం నువ్వు అబద్ధాలు చెప్పడమెందుకు? రేపు క్లబ్బులో నా చెయ్యి జారి తుపాకీ పక్కనున్న పిల్ల వైపు తిరిగిందనుకో, అప్పుడేం చేస్తావు, నేనేం చేస్తాను?"

 

రైఫిల్ని ఒక్కసారి చూస్తానని ఆంటీ అంటే డీలరు కొట్టుకి తీసుకెళ్ళాను. ఆయన దాన్ని తెచ్చి మెత్తటి గుడ్డ మీద పెట్టి, కావాలంటే పట్టుకోండి, నేనిక్కడే ఉన్నాను అన్నాడు. ఆంటీ రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. వంగి, ముక్కు దాదాపు తగిలేంత దగ్గరగా చూశారు. "నూనె వాసన అదే" అన్నారు.   

ఆ తర్వాత అన్నీ త్వరగా జరిగాయి. గుండీలు పెట్టుకోవడం రాలేదు, చేతిలో చెంచా నిలవలేదు. అన్నం తినిపించబోతే, "నెమ్మదిగా, ఆత్రపడితే గురి తప్పుద్ది" అని నన్నే నవ్వించేవారు. చివరికి న్యుమోనియా వచ్చింది. ఆసుపత్రి నుంచి మళ్ళీ రాలేదు.

కర్మలయ్యాక డీలరుకి ఫోన్ చేశాను. ఎందుకు చేశానో తెలియదు. అమ్ముడైపోయిందన్నాడు. ఎవరికన్నాను. చెప్పకూడదన్నాడు, క్షమించమన్నాడు. ఫోన్ పెట్టేశాక ఆంటీ వాళ్ళబ్బాయితో చెబితే, "ఐ షుడ్ హావ్ గాన్ విత్ హర్, అక్కా. ఒక్కసారైనా" అన్నాడు.

ఆసుపత్రిలో చేరడానికి ముందు ఒక సాయంత్రం ఆంటీ పెరట్లో కుర్చీలో కూర్చుని ఉన్నారు. నేను టీ పట్టుకెళ్ళి పలకరించబోయి ఆగిపోయాను. వీధి చివర దీపస్తంభం మీద ఒక నలుపు తెలుపు మాగ్‌పై పిట్ట వాలి ఉంది. ఆంటీ ఎడమ కన్ను మూసి, కుడి కంటితో దాన్నే చూస్తున్నారు. సగం ఊపిరి వదిలి, కాల్చే ముందులా బిగపట్టారు. ఒడిలో కుడి చెయ్యి గడగడా వణుకుతోంది. ఎడమ చేత్తో ఆ మణికట్టుని గట్టిగా పట్టుకుని ఉన్నారు. ముఖం మాత్రం ఎంత నిశ్చలంగా ఉందో. పిట్ట ఎగిరిపోయింది. ఆంటీ ఇంకా ఊపిరి వదల్లేదు.